మధ్య సీటు కింది తడి

నైవాషా ఊళ్ళోంచి సరస్సు వైపు దిగే దారి పక్కన గచెరు అనే ఆయన కార్లు కడిగే షెడ్డు నడిపేవాడు. పైపుతో బయట నీళ్ళు కొట్టడానికి ముగ్గురు మగవాళ్ళు ఉండేవాళ్ళు. కారు లోపలి పని మాత్రం నంజాలాది. మ్యాట్లు తీసి రాతికేసి దులపడం, కార్పెట్‌లో ఇరుక్కున్న ఇసుకను వాక్యూమ్‌తో లాగడం, మరకల్ని సబ్బు నురగతో రుద్దడం, తలుపులన్నీ బార్లా తెరిచి ఎండకు ఆరబెట్టడం అంతా ఆమె చేతుల మీదే జరిగేది. నలభై రెండేళ్ళ మనిషి. పొట్టిగా, గట్టిగా ఉండేది. కొడుకు సిమియు పెద్దవాడై ఎల్డోరెట్‌లో వెల్డింగ్ పని చూసుకుంటున్నా, షెడ్డులో అందరికీ ఆమె ఇంకా సిమియు వాళ్ళమ్మే.

ఏ బండి ఎక్కడెక్కడ తిరిగొచ్చిందో మ్యాటు చూసి చెప్పగలిగేది. డ్రైవరు కాళ్ళ కింద చేప పొలుసులుంటే ఒడ్డుకు వెళ్ళొచ్చిన బండి. సీటు పట్టాల సందుల్లో బిస్కెట్ పొడి, విరిగిన పెన్సిల్ మొనలు ఉంటే పిల్లల బండి. లంగాట్ వ్యాను ఈ రెండో రకానిది.

ఆ మంగళవారం పదకొండు కాకముందే లంగాట్ తన తెల్ల వ్యాను తెచ్చి షెడ్డు ముందు ఆపాడు. ముప్పై ఏళ్ళుంటాయి అతనికి. ఆరిళ్ళ పిల్లల్ని పొద్దున బడిలో దింపి, మధ్యాహ్నం తిరిగి ఇళ్ళకు చేర్చడం అతని పని. దిగుతూనే తలుపు దడాలున తోసి, చెయ్యి ముక్కుకు అడ్డం పెట్టుకున్నాడు.

"అక్కా, నువ్వే దిక్కు. పొద్దున ఓ పిల్ల వాంతి చేసుకుంది. మధ్య వరస సీటు దగ్గర. మూడింటికల్లా నేను బడి గేటు ముందుండాలి."

"కార్పెట్ తడిస్తే మూడింటికి ఆరదు. పైపైన తుడవనా?"

"తుడిచెయ్ చాలు. సెంటు మాత్రం దండిగా కొట్టు. నిన్నట్నుంచీ ఒకటే కంపు, పిల్లలు గోల పెట్టేస్తన్నారు."

నంజాలా బకెట్టు అందుకోబోయి ఆగింది. "నిన్నట్నుంచా? వాంతి పొద్దున కదా అయ్యింది?"

లంగాట్ ఆమె వంక చూడలేదు. "అదంటే... శనివారం పాలు ఒలికాయిలే. నువ్వు కానియ్యి."

అతను వెళ్ళి ఎదురుగా టీ బడ్డీ బల్ల మీద కూర్చున్నాడు. నంజాలా వ్యాను పక్క తలుపు జరిపి, మోకాళ్ళ మీద లోపలికెక్కింది. వాంతి పెద్దగా ఏమీ లేదు. లంగాటే గుడ్డతో చాలావరకు ఎత్తేశాడు. రబ్బరు మ్యాటు అంచు పట్టుకుని పైకి లేపింది. కింద కార్పెట్ తడిగా, నూనె రాసినట్టు నల్లగా నిగనిగలాడుతోంది. వాసన ఒక్కసారిగా మొహానికి కొట్టింది.

అది వాంతి వాసన కాదు. పాలు విరిగిన వాసన అంతకన్నా కాదు. కుళ్ళిన ఉల్లిపాయ లాంటిది, దాని వెనకే కిరోసిన్ లాంటి ఘాటు. అదేమిటో ఆమె బుర్రకు అందకముందే చేతిలోంచి మ్యాటు వదిలేసింది. వెనక్కి వెనక్కి పాకి కిందికి దిగిపోయింది. షెడ్డు స్తంభం పట్టుకుని నిలబడి గాలి పీల్చుకుంది.

ఈ వాసన ఆమెకు తెలుసు.

ఈ పనిలోకి రాకముందు తొమ్మిదేళ్ళు ఆమె సరస్సు ఒడ్డున ఒక గులాబీ తోటలో పూలు కోసింది. బంగోమా పక్క పల్లె నుంచి బస్సెక్కి వచ్చేటప్పటికి ఇరవై రెండేళ్ళు, చంకలో ఏడాది పిల్లాడు. ప్లాస్టిక్ పందిళ్ళ కింద ఉక్కలో వరసలు వరసలుగా మొక్కలు. మందు కొట్టిన పందిట్లోకి గడువు తీరేదాకా ఎవరూ అడుగు పెట్టకూడదని గోడ మీద బొమ్మ వేసి ఉండేది. ఒకనాడు ఎగుమతి విమానానికి పూలు చాలక, గడువు తీరకముందే పదకొండు మందిని లోపలికి పంపారు. పక్క వరసలో అకెయో అనే లువో తెగ పిల్ల ఉంది. ఇద్దరూ ఒకే గదిలో ఉండేవాళ్ళు, ఒకే పళ్ళెంలో ఉగాలి అనే మొక్కజొన్న ముద్ద తినేవాళ్ళు. కోత మొదలైన గంటకు, "కళ్ళు మసగ్గా ఉన్నాయే, కాసేపు వాలతాను," అని అకెయో గోనెల మీద పడుకుంది. నోటి వెంట చొంగ కారుతోంది. ఎండ దెబ్బ అన్నాడు మేస్త్రీ. పడుకోనివ్వండి, అదే లేస్తుంది అన్నాడు. సరే పాపం నిద్రపోనీ అనుకుని నంజాలాయే తన పైబట్ట మడిచి ఆమె తల కింద పెట్టింది. ఆ పైబట్ట నిండా మందు తడే. అకెయో మరి లేవలేదు. నంజాలా పదహారు రోజులు ఆసుపత్రిలో ఉండి బయటపడింది. అక్కడి నర్సు చెప్పింది: ఈ మందు ఒంటికెక్కితే కంటిపాప గుండుసూది మొనంత అయిపోతుంది, అప్పుడు మనిషిని నిద్రపోనివ్వకూడదు, ముందు బట్టలు విప్పేసి సబ్బుతో కడగాలి.

తోటవాళ్ళు ఆమెను మళ్ళీ పనికి పిలవలేదు. పిలిచినా ఆమె వెళ్ళేది కాదు.

స్తంభం వదిలేసి నంజాలా టీ బడ్డీ దగ్గరికి నడిచింది. "లంగాట్, శనివారం బండిలో ఏం వేశావు?"

"చెప్పా కదక్కా, పాలు."

"నేను తొమ్మిదేళ్ళు మందు కొట్టిన తోటలో చేశాను నాయనా. పాలంటే నాకు చెప్పకు."

లంగాట్ కప్పు బల్ల మీద పెట్టాడు. చుట్టూ ఒకసారి చూసి గొంతు తగ్గించాడు. "ఏం మందు? ఎవరన్నా వింటే ఏమనుకుంటారు? నీకు చేతనైతే తుడువు, లేదంటే చెప్పు, ఇంకో షెడ్డుకు పోతా."

"మూడింటికి పిల్లల్ని ఎక్కించేది ఈ బండిలోనేనా?"

"మరి గాడిద మీద ఎక్కించాలా?"

అతను లేచి, టీ డబ్బులిచ్చి చిల్లర కోసం బడ్డీవాడి దగ్గర నిలబడ్డాడు. నంజాలా షెడ్డులోకి వెళ్ళి గోడకు వేలాడుతున్న స్పానర్ల సంచి తెచ్చింది. నీలం రంగు చేతి తొడుగులు రెండు జతలు ఒకదాని మీద ఒకటి వేసుకుంది. ముక్కుకు తడిగుడ్డ కట్టుకుని వ్యానులోకెక్కింది. నాలుగేళ్ళ కింద సరస్సు పొంగి ఒడ్డు మీద కార్లన్నీ మునిగినప్పుడు, రెండు నెలల పాటు సీట్లు విప్పి కార్పెట్లు ఊడదీసిన చెయ్యి అది. మధ్య సీటుకు నాలుగు బోల్టులు. మొదటిది తుప్పు పట్టి కదల్లేదు. స్పానరు మీద కాలు పెట్టి తొక్కింది. కిర్రుమంది. రెండోది, మూడోది తేలిగ్గానే వచ్చేశాయి.

"ఏయ్! ఏం చేస్తన్నావ్?" లంగాట్ రోడ్డు అడ్డంగా పరిగెత్తుకొచ్చాడు. "సీటు తీయమన్నానా నిన్ను? గచెరు అన్నా! ఇదిగో చూడు నీ మనిషి, బండి పీకేస్తంది!"

గచెరు తన చిన్న గదిలోంచి బయటికొచ్చాడు. అరవై దాటిన మనిషి. గొడవంటే భయం. "ఏందమ్మా ఇది? ఆయనడిగింది వాంతి తుడవమనే కదా? బిగించెయ్ బోల్టులు. ఇచ్చెయ్ బండి."

నాలుగో బోల్టు ఊడింది. నంజాలా సీటును భుజంతో తోసి తలుపు దాకా జరిపి, అక్కడినుంచి నేల మీదికి దొర్లించింది. తలుపు గడప పట్టీ ఊడలాగి, కార్పెట్ అంచు దొరకబుచ్చుకుని చింపినట్టు ఎత్తింది. కింద బూడిదరంగు స్పాంజి దిండులా ఉబ్బి ఉంది. వేలితో నొక్కితే పసుపు పచ్చటి నీరు ఊరింది.

"అయ్యా, మీరొకసారి రండి. దగ్గరికి కాదు, తలుపు దగ్గర నిలబడి ముక్కు పెట్టండి, చాలు."

గచెరు వంగాడు. వెంటనే దగ్గుతూ వెనక్కి జరిగాడు. కళ్ళు తుడుచుకున్నాడు. లంగాట్ వంక చూసి, "ఒరేయ్, ఏం పోశావురా ఇందులో?" అన్నాడు.

లంగాట్ కిందపడి ఉన్న సీటు వంక చూస్తూ నిలబడిపోయాడు. సీటు పక్కకు తిరిగి ఉంది. దాని మీద పిల్లలెవరో పెన్నుతో గీసిన పిల్లి బొమ్మ ఉంది. "మా చిన్నాన్న టమాటా తోటకి... డబ్బా ఒకటి తీసుకెళ్ళా. మూత సరిగ్గా పెట్టలేదు. ఒరిగింది. మిగిలింది అక్కడ ఇచ్చేసి, ఖాళీ డబ్బా డిక్కీలో పడేశా. గుడ్డలు పెట్టి తుడిచా కదన్నా, ఆరిపోయిందనుకున్నా."

"ఈ సీట్లో ఎవరు కూర్చుంటారు?" అంది నంజాలా వ్యాను లోపలినుంచే.

"మోరా. ఆరేళ్ళ పిల్ల. కిటికీ కావాలని ఆ చివరే కూర్చుంటది."

"బూట్లు వేసుకునే కూర్చుంటుందా?"

"ఎక్కగానే విప్పేస్తది. రోజూ తిడతా, వినదు."

"బడి సంచీ ఎక్కడ పెడుతుంది?"

లంగాట్ కార్పెట్ మీద తడి వైపు చెయ్యి చూపించాడు. అంతే చాలు ఆమెకు.

"పొద్దున వాంతి చేసుకుంది ఆ పిల్లే కదూ? ఇప్పుడెక్కడుంది?"

"బళ్ళోనే. దింపేటప్పుడు టీచరుకి చెప్పా. ఇందాక నేనే ఫోన్ చేశా కూడాను. బానే ఉందంట. ఆఫీసు గదిలో పడుకోబెట్టారంట. నిద్రపోతందంట."

నంజాలా చేతిలో స్పానరు జారి వ్యాను రేకు మీద పడింది.

"లేపమను! ఇప్పుడే ఫోన్ చెయ్యి. పిల్లను లేపమని చెప్పు, ఆసుపత్రికి తీసుకెళ్ళమని చెప్పు."

లంగాట్ ఫోను బయటికి తీశాడు. వేలు తెర మీద ఉంది గానీ కదలడం లేదు. "ఏమని చెప్పాలక్కా? పిల్లకు విషం నేనే పెట్టానని చెప్పాలా? ఆరిళ్ళోళ్ళూ వచ్చి నన్ను చంపేస్తారు. పోలీసులు... మామూలు వాంతేనేమో. పిల్లలన్నాక రోజూ కక్కుతుంటారు."

"మామూలు వాంతైతే నన్ను తిట్టుకోండి అందరూ. చెయ్యి!"

"కాసేపు ఆగు, ఆలోచించనీ."

ఆమె ఆగలేదు. తొడుగులు ఊడదీసి పడేసి, కుళాయి కింద మోచేతుల దాకా రెండుసార్లు సబ్బు రుద్దుకుంది. పైనున్న కోటు విప్పేసి, "అయ్యా, ఆ బండి దగ్గరికి ఎవర్నీ పోనివ్వకండి. కార్పెట్ తగలబెట్టద్దు, పొగ ఇంకా చెడ్డది," అని గచెరుకు చెప్పి రోడ్డు మీద పోతున్న బోడా, అద్దెకు తిరిగే మోటారు సైకిలు, ఆపి ఎక్కేసింది. కాళ్ళకు రబ్బరు బూట్లు అలాగే ఉన్నాయి.

బడి ఎంతో దూరం కాదు, పది నిమిషాల దారి. ఆ పది నిమిషాలూ ఆమె బోడా అబ్బి చొక్కా పిడికిళ్ళతో పట్టుకుని, ఇంకా తొందరగా, ఇంకా తొందరగా అంటూనే ఉంది. గేటు దగ్గర కాపలాదారు అడ్డం నిలబడ్డాడు. బూట్ల వంక, తడిసిన లంగా వంక చూశాడు.

"ఎవరి అమ్మవి నువ్వు?"

"మోరాని చూడాలి. వాంతి చేసుకున్న పిల్ల."

"వాళ్ళమ్మని నేను ఎరుగుదునులే. పేరు రాయి, ఇక్కడ కూర్చో, టీచర్ని పిలుస్తా."

"కూర్చునే టైం లేదు బాబూ."

"నాకూ నియమాలుంటాయి తల్లీ."

నంజాలా గేటు ఊచలు పట్టుకుని గొంతెత్తి అరిచింది. "టీచరమ్మా! మోరా టీచరమ్మా! పిల్లను లేపండి! నిద్రపోనివ్వకండి!" కిటికీల్లోంచి పిల్లలు తొంగి చూశారు. కాపలాదారు ఆమె చెయ్యి పట్టి లాగబోయాడు. ఆమె ఊచలు వదల్లేదు. ఆ గోలకు అవినో అనే టీచరు వరండాలోకి వచ్చింది. కళ్ళద్దాల మనిషి. మొహంలో చిరాకు.

"ఎవరమ్మా నువ్వు? ఏమిటీ కేకలు?"

"కార్లు కడిగేదాన్నమ్మా. లంగాట్ వ్యాను కార్పెట్ నిండా తోటలో కొట్టే మందు ఒలికి ఉంది. నా చేత్తో తీశాను. ఆ పిల్ల మూడు పూటలు దాని మీద కాళ్ళు పెట్టుకుని కూర్చుంది. కంట్లో ఒక్కసారి లైటు వేసి చూడండి. నేను చెప్పింది అబద్ధమైతే ఈ గేట్లోంచే నన్ను గెంటించండి."

అవినో ఒక క్షణం తటపటాయించి, గేటు తీయమని సైగ చేసింది.

ఆఫీసు గది మూలన పరుపు మీద మోరా పక్కకు తిరిగి పడుకుని ఉంది. నుదురంతా చెమట. పెదవుల మూల నుంచి చొంగ కారి చెంప కిందికి పాకింది. తల కింద దిండు లేదు. దానికి బదులు పిల్ల తన సంచీనే పెట్టుకుంది. సంచీ అడుగు ముదురు రంగులో తడిసి ఉంది.

నంజాలా గబుక్కున ముందుకు దూకి ఆ సంచీని లాగి కిటికీలోంచి బయటికి విసిరేసింది.

"అదేం పనమ్మా!" అంది అవినో.

"అందులోనే ఉందమ్మా విషం. చూడండి, లైటు వేయండి."

అవినో ఫోను దీపం వెలిగించి పిల్ల కన్ను తెరిచింది. గది చీకటిగానే ఉంది. చీకట్లో పెద్దదిగా ఉండాల్సిన కంటిపాప ఆవగింజలో సగం కూడా లేదు. రెండో కన్ను తెరిచింది. అదీ అంతే. టీచరు దీపం దించేసింది.

"వాళ్ళమ్మ మధ్యాహ్నం వస్తానంది," అంది మెల్లగా, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు. "పడుకుంటే తగ్గిపోతుందనుకున్నాను."

"నేనూ ఒకప్పుడు అలాగే అనుకున్నానమ్మా. నీళ్ళేవీ? సబ్బేదీ?"

ఇద్దరూ కలిసి పిల్లను కుళాయి దగ్గరికి మోసుకెళ్ళారు. స్వెట్టరు, గౌను, మేజోళ్ళు అన్నీ విప్పేశారు. నంజాలా కాళ్ళు, వేళ్ళ సందులు, మెడ, జుట్టు మొదళ్ళు సబ్బుతో కడుగుతూ, "మోరా! కళ్ళు తెరువమ్మా. నీ పిల్లి బొమ్మ నేను చూశాను. దాని పేరేంటి? చెప్పవూ?" అంటూ అడుగుతూనే ఉంది. పిల్ల కళ్ళు సగం తెరిచి మళ్ళీ మూసింది. ఊపిరి తీస్తుంటే గొంతులో గరగర శబ్దం వస్తోంది. హెడ్మాస్టరు కారు తాళాలు పట్టుకుని పరిగెత్తుకొచ్చాడు. టేబులు మీది గుడ్డలో పిల్లను చుట్టి వెనక సీట్లో వేశారు.

ఆసుపత్రిలో డాక్టరమ్మ ఒక్క చూపులో అర్థం చేసుకుంది. పిల్లను లోపలికి తీసుకెళ్ళారు. ముక్కుకు గొట్టం పెట్టారు, చేతికి సూది గుచ్చారు. రెండు నిమిషాలకే ఆవిడ బయటికొచ్చింది.

"మందు పేరేంటి?"

"నాకు వాసనే తెలుసమ్మా. పేరు తెలీదు."

"సూదిమందు మొదలుపెట్టాను. కానీ ఇందులో రెండు రకాలున్నాయి. ఒకదానికి ఇంకో మందు కూడా వేయాలి, రెండోదానికి వేయకూడదు. పేరు తెలిస్తే మేలు. కనుక్కోండి, తొందరగా."

నంజాలా లంగాట్‌కు ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. మళ్ళీ చేసింది. ఈసారి మధ్యలోనే కట్ చేశాడు. మూడోసారి చేస్తే ఫోను అసలు పలకలేదు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది. ఎదుట తలుపు అద్దంలోంచి నర్సు భుజం మాత్రమే కనిపిస్తోంది. పిల్ల తల్లి కెముంటో అప్పుడే వచ్చింది. బ్యాంకులో పని చేసే మనిషి, మెడలో ఇంకా బ్యాంకు బిళ్ళ వేలాడుతోంది.

"నా పిల్లకేమైంది? ఎవరన్నా చెప్పండి! పొద్దున టీ తాగి వెళ్ళింది, బానే వెళ్ళింది!"

అవినో ఆవిడ భుజాలు పట్టుకుని కూర్చోబెట్టబోయింది. కూర్చోలేదు. తలుపు తట్టింది, మళ్ళీ తట్టింది. నంజాలా నాలుగోసారి ఫోను చెవి దగ్గర పెట్టుకుంది. పలకలేదు. గచెరుకు చేస్తే, "వాడెప్పుడో పోయాడమ్మా. బండి వెనక డిక్కీలో ఏదో తీసుకుని బోడా ఎక్కి పోయాడు. ఎటు పోయాడో చెప్పలేదు," అన్నాడు.

డబ్బా తీసుకుని పారిపోయాడనుకుంది నంజాలా. దాన్ని ఎక్కడో పారేసి, ఊరొదిలి పోతాడనుకుంది. అంతలో వరండా చివర చెప్పుల చప్పుడు వినిపించింది. లంగాట్ వస్తున్నాడు. రెండు చేతులతో ఒక ప్లాస్టిక్ సంచీని ఒంటికి దూరంగా పట్టుకుని నడుస్తున్నాడు. సంచీలో డబ్బా ఉంది.

"బళ్ళోకే వెళ్ళా మొదట. ఇక్కడున్నారన్నారు," అన్నాడు. "ఫోనెత్తి ఏం మాట్లాడాలో తెలీలేదక్కా. అందుకే ఎత్తలేదు."

నర్సు వచ్చి డబ్బా మీద పేరు చదువుకుని, లోపలికి పరిగెత్తింది. కెముంటో డబ్బా వంక, అతని వంక చూసింది. అర్థం కావడానికి ఆవిడకు కొంతసేపు పట్టింది.

"నువ్వా? నువ్వేనా, లంగాట్? రోజూ పొద్దున నీ చేతిలో పెడతాను కదరా నా పిల్లను!"

ఆవిడ రెండు చేతులతో అతని ఛాతీ మీద కొట్టింది. అతను చేతులు అడ్డం పెట్టుకోలేదు. తలొంచుకుని నిలబడ్డాడు. అవినో మధ్యలోకి వచ్చి ఆవిడను పక్కకు తీసుకెళ్ళేదాకా అలాగే ఉన్నాడు. తర్వాత గోడవార నేల మీద కూలబడి, ఫోను తీసి, మిగతా అయిదిళ్ళకూ ఒక్కొక్కరికే ఫోన్ చేయడం మొదలుపెట్టాడు. "మీ పిల్లల్ని ఆసుపత్రికి తీసుకురండి. అవును, నేనే. అవును, నా బండిలోనే. తిట్టండి, ముందు తీసుకురండి."

డాక్టరమ్మ బయటికొచ్చినప్పుడు నంజాలాను ఆపి మొహంలోకి చూసింది. "నువ్వు కూడా ముట్టుకున్నావు కదూ? చెమట పట్టింది నీకు. వెళ్ళి తలస్నానం చెయ్యి. ఆ బట్టలు మళ్ళీ వేసుకోకు."

"పిల్ల?"

"గంటకో రెండు గంటలకో తెలుస్తుంది. నోట్లో చొంగ ఆగాలి. ఊపిరి తేలికపడాలి. నోరు ఎండిందంటే సూదిమందు పనిచేసినట్టు."

నంజాలాకు ఆసుపత్రి ఆకుపచ్చ గౌను ఇచ్చి, వేలికి ఏదో తగిలించి, బల్ల మీద కూర్చోబెట్టారు. కళ్ళు కాస్త మసకగా ఉన్నాయి. అది మందు వల్లో ఏడుపు వల్లో ఆమెకే తెలియలేదు. ఎదురుగా మిగతా పిల్లలు అయిదుగురూ తల్లిదండ్రుల ఒళ్ళో కూర్చుని ఉన్నారు. వాళ్ళ కళ్ళలోకి ఒకరి తర్వాత ఒకరికి దీపం వేసి చూశారు. ముగ్గురిని ఇంటికి పంపారు. మోరా పక్కన కూర్చునే ఇద్దరిని రేపటిదాకా ఉండమన్నారు. ఎవరో ఆమెకు ఒక కప్పు టీ తెచ్చిచ్చారు. తాగలేకపోయింది. లోపలికి వెళ్ళే ప్రతి నర్సు మొహం చూసింది. ఏ మొహంలోనూ ఏమీ కనిపించలేదు. గోడ గడియారం మూడు దాటింది, నాలుగు దాటింది. ఒకసారి లోపల గబగబా అడుగుల చప్పుడైంది. ఎవరో ఇంకో సూది అడిగారు. కెముంటో రెండు చేతులూ నోటికి అడ్డం పెట్టుకుంది. నంజాలా లేచి వెళ్ళి ఆవిడ పక్కన నిలబడింది.

అయిదున్నర కావస్తుండగా తలుపు తెరుచుకుంది. నర్సు మాస్కు కిందికి లాగింది.

"అమ్మెవరు? పిల్ల నోరెండిపోతోందని ఏడుస్తోంది. నీళ్ళు కావాలట. ఇంకా ఇవ్వకూడదు, పెదవులు తడపండి, చాలు."

కెముంటో లోపలికి పరిగెత్తింది. నంజాలా బల్ల మీద కూర్చుండిపోయి, గౌను అంచులో మొహం దాచుకుని ఏడ్చింది. అంతలా ఏడవడం అకెయో పోయాక అదే మొదటిసారి. అవినో టీచరు ఆమె వీపు మీద చెయ్యి వేసి పక్కన కూర్చుంది.

మోరా తొమ్మిది రోజులు ఆసుపత్రిలో ఉంది. మిగతా ఇద్దరూ మర్నాడే ఇంటికి పోయారు. లంగాట్‌ను పోలీసులు తీసుకెళ్ళి రెండు రోజులు ఉంచుకున్నారు. ఆ తర్వాత కేసు నడిచింది. తానే డబ్బా తెచ్చిచ్చాడని డాక్టరమ్మ చెప్పడంతో శిక్ష తగ్గించారు గానీ, పిల్లల్ని తిప్పే అనుమతి రద్దు చేశారు. ఇప్పుడతను అదే వ్యానులో సీట్లు లేకుండా ఉల్లిపాయ బస్తాలు తోలుతున్నాడు. ఎదురుపడితే నంజాలాకు నమస్కారం పెడతాడు. ఆమె తలూపుతుంది. ఇద్దరి మధ్యా అంతకుమించి మాటలు లేవు. ఆ కార్పెట్‌ను, స్పాంజిని, మ్యాటును వ్యవసాయ శాఖ వాళ్ళొచ్చి మూత డ్రమ్ములో పెట్టి తీసుకెళ్ళారు. గచెరు ఆ చోట మూడుసార్లు బట్టల సోడా కలిపిన నీళ్ళు పోయించి కడిగించాడు. "బోల్టులు విప్పేటప్పుడు ఒక్క మాట నాతో చెప్పుండాల్సింది," అని ఇప్పటికీ గొణుగుతుంటాడు. కానీ కొత్త స్పానర్ల సంచి కొన్నది ఆయనే.

నెల తర్వాత ఒక ఆదివారం పొద్దున కెముంటో షెడ్డుకొచ్చింది. నంజాలా ఎవరిదో కారు మ్యాట్లు తీగ మీద ఆరేస్తోంది. ఆవిడ అరటికాయల గెల ఒకటి బల్ల మీద పెట్టింది.

"కూర్చోండమ్మా. పాప ఎలా ఉంది?"

"బడికి పోతోంది. నడిపించుకునే తీసుకెళ్తున్నా. అప్పుడప్పుడూ తలనొప్పంటుంది. రాత్రిళ్ళు ఉలిక్కిపడి లేస్తుంది." ఆవిడ బల్ల అంచున కూర్చుంది. "నిన్నొకటి అడగాలి. నీకూ వచ్చింది కదా ఇది. పూర్తిగా పోయిందా నీకు?"

నంజాలా చేతిలో మ్యాటు తీగ మీద వేసి, చేతులు తుడుచుకుని వచ్చి ఎదురుగా కూర్చుంది.

"నాకు రెండేళ్ళు పట్టిందమ్మా. తలనొప్పి, మరుపు. ఇప్పటికీ కొన్ని వాసనలకు తట్టుకోలేను. కానీ నేను గంటల కొద్దీ పీల్చాను, కడిగిన వాళ్ళు లేరు. పాపను కడిగారు. చిన్నపిల్లల సంగతి నాకు తెలీదు, తెలుసని చెప్పి మిమ్మల్ని ఊరడించలేను. నెలనెలా డాక్టరమ్మ దగ్గరికి మాత్రం తీసుకెళ్ళండి. తగ్గిందని మానేయకండి."

కెముంటో తల ఊపింది. కళ్ళు తుడుచుకుంది. కొంతసేపు ఇద్దరూ ఊళ్ళో వాన సంగతి, అరటికాయల సంగతి మాట్లాడుకున్నారు. వెళ్ళబోతూ ఆవిడ, "వచ్చే ఆదివారం ఇంటికి రా. మోరా నిన్ను చూడాలంటోంది. ఆ రోజు నువ్వు ఏదో పిల్లి పేరు అడిగావట, దానికి జవాబు చెప్పాలట," అంది.

"వస్తానమ్మా," అంది నంజాలా. ఆవిడ రోడ్డు దాటేదాకా చూసి, లోపలికొచ్చి, ఎండుతున్న మ్యాట్లను రెండోవైపుకు తిప్పడం మొదలుపెట్టింది.